పఠన స్వాతంత్ర్యము – పొన్నేరిలో ఒక సాయంకాలము

ఇటీవల ఒక ఆదివారమునాడు పొన్నేరి మిత్రులు కొందఱు మమ్ము తమ పఠన గోష్ఠికి ఆహ్వానించిరి. ఆహ్వానముతోపాటు ఒక నియమమును గూడ పెట్టిరి. వచ్చువారు రిక్తహస్తములతో రారాదు. ఏదో యొక ప్రభుత్వము ఏదో యొక కాలమున నిషేధించిన గ్రంథమును వెంట తేవలెను; అందుండి కొన్ని పుటలు చదివి వినిపింపవలెను; అది యేల నిషేధింపబడెనో, ఎట్లు విడుదలయ్యెనో చెప్పవలెను. అమెరికా దేశమున 1982 నుండి ఏటేట నిషిద్ధ గ్రంథ వారమును జరుపుచున్నారు. ఆ వార్తను చదివిన యువకు డొకడు "నిషిద్ధ గ్రంథాలు వాళ్లకేనా, మనకు లేవా?" అని అడిగెనట. ఆ ప్రశ్నకు సమాధానముగానే ఈ గోష్ఠి యేర్పడెనని మాకు చెప్పిరి.

పొన్నేరి మన పట్టణవాసులకు దూరము కాదు. సెంట్రల్ స్టేషనునుండి గుమ్మిడిపూండి దిక్కుగా పోవు బండి యెక్కినచో మీంజూరు దాటిన కొంతసేపటికి వచ్చును. ఆరణి యేరు, ఆవల పులికాటు సరస్సు, నడుమ వరిపొలములు. 1960 ఏప్రిలు 1వ తేదిని సరిహద్దులు సవరింపబడినపుడు నాటి చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశములో చేరెను. తిరుత్తణి మదరాసు రాష్ట్రములో చేరెను. పొన్నేరి పట్టణము ఉన్నచోటనే నిలిచెను. సరిహద్దు గీత ఊళ్లను పంచగలిగెను గాని ఇండ్లలోని భాషను పంచజాలకపోయెను. నేటికిని ఆ వీధులలో తెలుగు మాట వినవచ్చును. తెలుగు అక్షరము మాత్రము కనబడుట అరుదు. ఈ భేదమును మేము బండి దిగునపుడు గమనింపలేదు. తిరిగి బండి యెక్కునప్పటికి మా మనస్సున అది తప్ప వేఱొకటి లేదు.

మేము పట్టుకొనిపోయినది ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి మాలపల్లి. పంతులుగారు బారిష్టరు. సహాయ నిరాకరణోద్యమ కాలమున శిక్షితులై, రాయవేలూరు చెఱసాలలో ఈ నవలను వ్రాసిరి. 1922లో అది అచ్చయ్యెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పీఠిక వ్రాసిరి. మాలవాడలోని రామదాసు కుటుంబమును కథకు నడుమ నిలిపి, కూలివారి పక్షమున నిలిచిన కొడుకు సంగదాసు చౌదరయ్య చేతిలో హతుడగుటను, ఆ వెనుక ఆ కుటుంబము పడిన పాట్లను జనులు మాటలాడు భాషలోనే చెప్పిన గ్రంథమది. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. 1926లో శాసనసభలో ఆ నిషేధముపై చర్చ జరిగెను. తరువాత కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి లభించెను. 1936లో మరల నిషేధము వచ్చెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పాఠ్యగ్రంథములనుండియు అది తొలగింపబడెను. 1937లో రాజగోపాలాచారిగారు ప్రధానిగా ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గము నిషేధమును ఎత్తివేసెను. గ్రంథకర్త చెఱనుండి వెలికి రాగా గ్రంథము చెఱలో పడెను. అదియు ఒక మాఱు గాదు, రెండు మాఱులు.

సంగదాసు మరణ ఘట్టమును చదివి ముగించిన పిదప సభలోని వారొకరు "ఇందులో నిషేధించవలసినంత విషయం ఏముందండీ?" అని అడిగిరి. ఈ ప్రశ్న సహజమైనది. నిషేధము తొలగిన తొంబదియేండ్లకు చదువువానికి నిషిద్ధ గ్రంథము ఎల్లప్పుడును అమాయకముగనే కనబడును. కాని నాటి పాలకులు వెఱచినది తుపాకులకు గాదు. కూలివాడు తన కూలిని గూర్చియు, తన గౌరవమును గూర్చియు ఆలోచింప మొదలిడుటకు వెఱచిరి. ఆ యాలోచనను తెలుగు పల్లెలో ఎవరైన బిగ్గఱగా చదివి వినిపించినచో చదువురానివారికి గూడ అందునుగదా యని వెఱచిరి.

తరువాత ఆ యువకుడే లేచి గాంధీమహాత్ముని హింద్ స్వరాజ్‌కు తెలుగు అనువాదమును చదివెను. 1909లో లండనునుండి దక్షిణాఫ్రికాకు పోవుచు ఓడమీద గాంధీజీ గుజరాతీలో వ్రాసిన గ్రంథమది. 1910 మార్చిలో బొంబాయి ప్రభుత్వము దానిని నిషేధించెను. తొమ్మిదేండ్ల తరువాత, రౌలటు చట్టమును ధిక్కరించుటకు ఏ శాసనమును ఉల్లంఘింపవలెనను విచారణ వచ్చినపుడు, గాంధీజీ ఎన్నుకొన్న మార్గములలో నిషిద్ధ గ్రంథముల విక్రయమొకటి. 1919 ఏప్రిలు 6వ తేది సాయంకాలము బొంబాయి వీధులలో ఆయనయు, సరోజినీదేవియు బండ్లలో బయలుదేఱి పుస్తకములమ్మిరి. వెల నాలుగణాలు. కొన్నవారికిని శిక్ష పడవచ్చునని ముందుగనే చెప్పిరి. అయినను ఒక్క ప్రతి మిగులలేదు. జేబులో నున్నదంతయు ఇచ్చి కొన్నవారు గలరు. ఒక ప్రతిని తాను ఏబది రూపాయలకు అమ్మితినని గాంధీజీ తన ఆత్మకథలో చెప్పుకొనిరి.

పిమ్మట జరిగినది న్యాయవాదులమైన మాకు మిక్కిలి రుచించిన ఘట్టము. ప్రభుత్వము ఎవరిని పట్టుకొనలేదు. నిషేధింపబడినది పూర్వ ముద్రణము, వీరమ్మినది పునర్ముద్రణము, కావున నేరము లేదని ప్రభుత్వ పక్షమున వాదము పుట్టెను. చెఱకు సిద్ధపడి పుస్తకము కొన్నవారు ఈ మాట విని నిరుత్సాహపడిరట! పాఠకుడు వెఱవనినాడు నిషేధాజ్ఞ ఎంత పలుచని కాగితమో దీనివలన తెలియుచున్నది.

శాసనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని గోష్ఠివారు మమ్ము కోరిరి. మేము చెప్పినది సంగ్రహముగా ఇది. 1910 నాటి ముద్రణాలయ చట్టము, గ్రంథమును జప్తు చేయు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకిచ్చెను. ఆ యాజ్ఞ తగదనువారు రెండు నెలలలో ఉన్నత న్యాయస్థానమునకు పోవచ్చును; ముగ్గురు న్యాయమూర్తులు విచారింతురు. 1922లో ఆ చట్టము రద్దయ్యెను గాని అధికారము రద్దుగాలేదు. క్రిమినలు ప్రొసీజరు కోడులో 99ఎ సెక్షనుగా వచ్చి చేరెను. 1973 కోడులో అది 95వ సెక్షనయ్యెను. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షనుగా నున్నది. దొరలు పోయిరి, సంఖ్యలు మాఱెను, జప్తు చేయు చేయి మాత్రము అట్లే యున్నది.

అయితే ఆ చేతికి కొన్ని కట్లు పడినవి. 1950లో మదరాసు ప్రభుత్వము బొంబాయినుండి వచ్చు క్రాస్ రోడ్స్ పత్రికను ఈ రాష్ట్రములో ప్రవేశింపరాదని ఆజ్ఞాపింపగా, ఆ యేడు మే 26వ తేదిని సుప్రీముకోర్టు ఆ యాజ్ఞను కొట్టివేసెను. వ్రాయు స్వాతంత్ర్యములో ప్రచారము చేయు స్వాతంత్ర్యము గూడ ఇమిడియున్నదని ఆ తీర్పు సారాంశము. మఱుసటి యేడు మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి నిర్బంధములకు మఱికొంత చోటు చేసినది నిజమే. కాని 1961లో హర్నాందాసు వ్యాజ్యమున, కారణములు చెప్పని జప్తు ఆజ్ఞ చెల్లదని సుప్రీముకోర్టు తేల్చెను. పెరియారు రామాయణ విమర్శకు హిందీ అనువాదమును ఉత్తరప్రదేశ ప్రభుత్వము జప్తు చేయగా, 1976లో ఆ ప్రభుత్వము సుప్రీముకోర్టులో ఓడిపోయెను. ఇక మన పట్టణముననే, 2016 జూలై 5వ తేదిని, పెరుమాళ్ మురుగన్ గారి తమిళ నవల మాదొరుబాగన్ విషయమున ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, చదువుటయు మానుటయు పాఠకుని ఇచ్చయే యనియు, నచ్చనివాడు పుస్తకమును మూసివేయవచ్చుననియు భావము వచ్చునట్లు పలికెను.

ఇంతవఱకు మా ఉపన్యాసము సుఖముగా సాగెను. సర్కారు నిషేధమునకు తేది యుండును, సంఖ్య యుండును, సంతకముండును, కారణముండును. కావున దానితో పోరాడవచ్చును అని మేము ముగించితిమి. చప్పట్లు గూడ కొట్టిరి.

అప్పుడు విశ్రాంత ఉపాధ్యాయిని యొకరు తమ సంచినుండి ముద్దుపళని రాధికా సాంత్వనమును తీసిరి. ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరులో ప్రతాపసింహ మహారాజు ఆస్థానముననున్న కవయిత్రి, వేశ్యాకులమునకు చెందిన విదుషి. ఆమె కావ్యమును 1887లో పైడిపాటి వేంకటనరసుగారు అచ్చు వేయించిరి. కాని కొన్ని పద్యములను, కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకొన్న భాగమును అందు విడిచిపెట్టిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ కవుల చరిత్రములో ఆమె పాండిత్యమును మెచ్చుకొనుచునే, ఆ శృంగారము స్త్రీ నోటినుండి రాదగినది గాదని గర్హించిరి. వ్రాతప్రతిని సంపాదించి, విడిచిన పద్యములను చేర్చి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రముగా ప్రకటించినవారు బెంగుళూరు నాగరత్నమ్మగారు. సిగ్గును, మర్యాదయు స్త్రీలకేనా, పురుషులకు లేవా యని ఆమె అడిగిరి. పంతులుగారు అంగీకరించిన పురుష కవుల కావ్యములలో ఇంతకంటె పచ్చి శృంగారము లేదా యని నిలదీసిరి. 1911లో ఆ ముద్రణము అశ్లీలమను పేర నిషేధింపబడెను. ప్రతులు పోలీసుల వశమయ్యెను. ముప్పదియైదేండ్లకు పైగా గడచిన పిదప టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము నిషేధమును తొలగించెను. 1952లో వావిళ్లవారు మరల ప్రచురించిరి. ఆ యేటనే నాగరత్నమ్మగారు దివంగతులైరి.

ఆ తల్లి ఈ చరిత్రమును చెప్పి, పద్యములు రాగయుక్తముగా చదువుచుండగా ముందు వరుసలోని పెద్దమనిషి యొకరు ఇబ్బందిగా కదలి, "అమ్మా, కవిత్వం గొప్పదే కావచ్చు. ఆడపిల్లలున్న ఇళ్లలో ఇది చదవదగిన పుస్తకమేనా?" అని అడిగిరి. ఆమె కోపింపలేదు. "అన్నయ్యగారూ, మీరు చదివి వద్దంటున్నారా, చదవకుండానే వద్దంటున్నారా?" అని మాత్రము అనిరి. ఆయన నవ్వి, "చదవలేదమ్మా, అన్నవాళ్లు చెప్పగా విన్నాను" అని ఒప్పుకొనిరి. సభ యంతయు నవ్వెను.

మేము నవ్వలేకపోతిమి. ఆ ప్రశ్న ఆయనకంటె మాకే యెక్కువగా తగిలెను. కొన్ని సంవత్సరముల క్రిందట పట్టణములోని ఒక చిన్న పఠన మందిరమునకు మేము కార్యదర్శిగా నుంటిమి. ఎవరో పెద్దలు కాలముచేయగా వారి పుస్తకములు మందిరమునకు వచ్చెను. అందు ఈ రాధికా సాంత్వనముండెను. మేమది చదువలేదు. చదువకయే, కళాశాల బాలికలు వచ్చు స్థలము గదా యని, పట్టికలో ఎక్కింపక, కార్యదర్శి గదిలోని అలమరలో పెట్టి తాళము వేసితిమి. తాళపుచెవి మా జేబులో నుండెను. మూడేండ్లు అది అట్లే యుండెను. ఒకనాడు పరిశోధన చేయుచున్న విద్యార్థిని యొకతె వచ్చి ఆ గ్రంథమున్నదా యని అడుగగా, లేదని చెప్పితిమి. ఆమె నమస్కరించి వెళ్లిపోయెను.

పత్రికలలో వాక్స్వాతంత్ర్యమును గూర్చి వ్యాసములు వ్రాయు చేతితోనే ఆ తాళము వేసితిమని ఇక్కడ ఒప్పుకొనుచున్నాము. సర్కారు ఆజ్ఞపై రెండు నెలలలో అప్పీలు కలదు. ముగ్గురు న్యాయమూర్తులు కలరు. మా తాళముపై అప్పీలు ఏది? దానికి తేది లేదు, సంఖ్య లేదు, కారణము లేదు. అది యున్నట్లే ఎవరును ఎఱుగరు. రాధికా సాంత్వనమునకు తొలి కత్తెర వేసినది ప్రభుత్వము గాదు, ప్రకాశకుడు. తొలి గర్హణ చేసినది పోలీసు గాదు, సంస్కర్త. వారిరువురును సజ్జనులు, భాషకు సేవచేసినవారు. మేమును మా మట్టునకు సజ్జనులమనియే అనుకొంటిమి. సజ్జనులు చేయు నిషేధమే తొలగించుటకు మిక్కిలి కష్టమైనదని మాకు పొన్నేరిలో బోధపడెను.

ఇంతటితో పాఠము ముగియలేదు. గోష్ఠి జరిగిన యింటివారి మనుమరాలు న్యాయకళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది. మా సెక్షనులను శ్రద్ధగా వ్రాసికొన్న దామె యొక్కతెయే. అందఱును కాఫీకి లేచిన తరువాత ఆమె మా యొద్దకు వచ్చి, "బాబాయిగారూ, ఆ మాలపల్లి ఒకసారి చూడనిస్తారా?" అని అడిగెను. ఇచ్చితిమి. అట్టను చూచెను, పుటలు త్రిప్పెను, మరల మా చేతిలో పెట్టెను. "నాకు తెలుగు చదవడం రాదండి. ఇంట్లో మాట్లాడతాం, అంతే. బళ్లో తమిళం, ఇంగ్లీషు నేర్చుకున్నాను" అనెను. ఒక నిమిషమాగి, మెల్లగా, "మరి ఈ పుస్తకం నాకు నిషేధంలో ఉన్నట్టా, లేనట్టా?" అని ప్రశ్నించెను.

ఇరువదియేండ్ల న్యాయవాద వృత్తిలో మాకు సమాధానము దొరకని ప్రశ్నలు కొన్ని కలవు. అందు ఇది యొకటి.

ఆమెది పరిహాసము గాదు. ఆమె ఇంటి భాష తెలుగు. మాట చక్కనిది, యాస తీయనిది. సంగదాసు కథ మేము చదువుచుండగా కన్నుల నీరు పెట్టుకొన్నది గూడ ఆమెయే. చెవికి అందిన గ్రంథము కంటికి అందలేదు. తమిళము నేర్చుటపై మాకు వైమనస్యము లేదు. ఉన్న నాటి భాషను నేర్వనివాడు ఆ నాట పరాయివాడగును. 2006 నాటి చట్టము ఈ రాష్ట్రపు బడులలో పదవ తరగతి వఱకు తమిళమును క్రమక్రమముగా నిర్బంధ పాఠ్యము గావించెను. దానినుండి మినహాయింపు కోరుచు భాషా మైనారిటీలు న్యాయస్థానములకు పోయిరి. ఆ వివాదములో ఇక్కడ దిగము. బడిలో తెలుగు పలక లేకపోయినచో ఇంటిలో ఉండరాదని ఏ చట్టమును చెప్పలేదు. ఆ పిల్లకు అక్షరములు నేర్పనిది ప్రభుత్వమా, మనమా యని మాత్రము అడుగుచున్నాము.

ఈ ప్రశ్న ఇక్కడి తెలుగువారినే ముఖ్యముగా అడుగుటకు కారణమున్నది. ముద్దుపళని కావ్యము పుట్టినది తంజావూరున. అది అచ్చయినది, పట్టుబడినది, విడుదలయినది చెన్నపట్టణమున. మాలపల్లి వ్రాయబడినది రాయవేలూరు చెఱసాలలో. నిషేధాజ్ఞలు వెలువడినది మన సెంటు జార్జి కోటనుండి. ఆ గ్రంథములకై జరిగిన పోరాటమునకు ఈ తమిళ సీమయే రంగస్థలము. ఆ పోరాటపు ఫలమును అనుభవింపవలసిన వారసులు పొన్నేరిలోను, మన పెరంబూరులోను, మాంబళములోను పెరుగుచున్నారు. వారి పూర్వులు గ్రంథములను విడిపించి ఇచ్చిరి. విడిపించిన గ్రంథము ముందట వారు నిరక్షరులై నిలుచుచున్నారు. మన వైద్యులు, ఇంజనీర్లు, న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు తమ ఇండ్లలో ఈ సంగతిని ఒకమాఱు పరీక్షించి చూచుకొందురు గాక. మా ఇంటిలో పరీక్షించి చూచితిమి. మా రెండవ కుమారుడు మా వ్యాసములను నేటివఱకు చదువలేదు, చదువలేడు.

నిషేధము తొలగినంత మాత్రమున పఠన స్వాతంత్ర్యము పూర్తికాదు. ప్రభుత్వము తన యాజ్ఞను తీసివేయవలెను. అది మొదటి మెట్టు. మనబోటి పెద్దమనుష్యులు తమ జేబులలోని తాళపుచెవులను తీసివేయవలెను, అది రెండవది. ఇంటిలోని పిల్లకు అక్షరము అందవలెను, అది మూడవది. మొదటిదానికి రాజగోపాలాచారిగారును, ప్రకాశము పంతులుగారును కావలసి వచ్చిరి. తక్కిన రెండింటికి మంత్రివర్గములతో పనిలేదు.

మేము పొన్నేరినుండి వచ్చిన మఱునాడు పఠన మందిరమునకు పోయి, ఇప్పటి కార్యదర్శితో జరిగినది చెప్పితిమి. అలమర తెఱచితిమి. పుస్తకము భద్రముగనే యున్నది. దానిని పట్టికలో ఎక్కించితిమి. నాడు లేదని చెప్పి పంపిన విద్యార్థిని ఎవరో, ఎక్కడనున్నదో మేమెఱుగము. ఈ వ్యాసము ఆమె కంటబడినచో మమ్ము క్షమింపవలెనని కోరుచున్నాము.

రెండవ కుమారునకు ప్రతిదినము రాత్రి భోజనమైన తరువాత అరగంట తెలుగు చెప్పుచున్నాము. గుణింతములు నడుచుచున్నవి. పొన్నేరి బాలికకు ఆ విశ్రాంత ఉపాధ్యాయినిగారే పాఠము మొదలుపెట్టినట్లు తెలియవచ్చినది.

అమెరికావారికి వారి వారమున్నది. మనకు ఏప్రిలు 6వ తేది యున్నది. నాలుగణాల పుస్తకమునకై చెఱకు సిద్ధపడిన పాఠకుల దినమది. వచ్చు ఏప్రిలు 6వ తేదిని పొన్నేరిలో గోష్ఠి మరల జరుగును. ఈ మాఱు నియమము కొంచెము మాఱినది. ఒకనాడు నిషేధింపబడిన గ్రంథము నొకదానిని తేవలెను. దానితోపాటు తెలుగు మాటలాడ వచ్చియు చదువరాని వారి నొకరిని వెంటబెట్టుకొని రావలెను. పుస్తకము వారి చేతికిచ్చి, మొదటి పంక్తిని వారిచేతనే చదివింపవలెను. ఎంత ఆలస్యమైనను ఎవరును తొందరపెట్టరాదు.